ఊఁ అంటే వింటున్నానని

ఆమె నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి. రెండు పెదవుల మధ్య వరసగా, తలకాయలు మాత్రమే బయటికి కనిపించేలా. కొత్తగా వచ్చినవాళ్ళకి చూస్తేనే ఒళ్ళు జలదరించేది. ఆమెకి మాత్రం అవి పళ్ళతో సమానం. భోజనానికీ, టీకీ, ఎవరినైనా గట్టిగా కోప్పడాలనుకున్నప్పుడూ తప్ప బయటికి తీసేది కాదు. ఆ కోపం కూడా చాలాసార్లు సూదులన్నీ తీసేలోపే చల్లారిపోయేది. వీధి వీధంతా ఆమెను గుండుసూదుల పిన్ని అనేవారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే అనేవారు.

వీధివైపు గదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, మధ్యలో గుడ్డ కత్తిరించే పొడుగు బల్ల, మూల తలలేని చెక్కబొమ్మ. ఆమె భర్త సిటీ బస్సు కండక్టరు. ఆ బొమ్మని చూపించి, "మా ఇంట్లో నేను చెప్పేది అడ్డు రాకుండా వినే రెండో మనిషి ఈవిడే" అనేవాడు.

మొదటి మనిషి పిన్ని. నోట్లో సూదులున్న మనిషి మాట్లాడలేదు, వినగలదు. కొలతలకి వచ్చినవాళ్ళేమో కదలకుండా నిలబడాలి. చేతులు చాచి, గడ్డం పైకెత్తి బొమ్మలా నిలబడ్డ మనిషికి నోరు ఊరుకోదు. ఇంట్లో చెప్పుకోలేనివీ, చెప్పినా ఎవరూ పట్టించుకోనివీ పిన్నికి చెప్పేసేవారు. పిన్ని ఊఁ అనేది. ఆ ఊఁ లో ఎన్ని రకాలో! కొస పైకి లేపితే 'అలాగా!' అని. కిందికి దించితే 'అయ్యో పాపం' అని. ముక్కుతో తుంచేస్తే 'ఇక చాలు, చెయ్యి దించు' అని. మామూలు ఊఁ కి మాత్రం ఒకటే అర్థం: చెప్పు, వింటున్నాను. ఒకరు చెబుతూ ఉంటే ఊఁ అనకపోవడం అంటే, ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టినట్టు అనిపించేది ఆమెకి.

ఈ తేడాలన్నీ కండక్టరుకి పెళ్ళికి ముందే తెలుసు. యూనిఫాం ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి, పొట్టైపోయేదాకా వస్తూనే ఉన్నాడు. చివరిసారి ఆమె నేల మీద కూర్చుని అతని కాలి దగ్గర అంచు మడుస్తుంటే, పైనుంచి అడిగాడు.

"నన్ను చేసుకుంటావా?"

"ఊఁ."

"ఏ ఊఁ? వింటున్న ఊఁ నా, సరే అన్న ఊఁ నా?"

ఆమె తలెత్తి చూసింది. ఒక్కో సూదీ తీసి మణికట్టుకి కట్టుకున్న సూదుల మెత్త మీద గుచ్చడం మొదలుపెట్టింది. తాను కండక్టరుగా చూసిన ఏ స్టాపులోనూ అంతసేపు ఆగలేదని అతను ఇప్పటికీ చెబుతాడు. సూదులన్నీ అయ్యాక, "సరే" అంది.

"మధ్యలో ఆగలేక ఊఁ నే సరే అనుకుని వెళ్ళిపోతే?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఎక్కడికని అడక్కుండా నేనెవరికీ టిక్కెట్టు కొట్టను" అనేవాడు.

ఇక ఆ వేలి సంగతి చెప్పాలి. పిన్ని ఎడమచేతి చిటికెన వేలు పుట్టుకతోనే వంకర. నడిమి కీలు దగ్గర లోపలికి కొక్కెంలా వంగి ఉండేది. చిన్నప్పుడు ఆ చెయ్యి వెనక్కి దాచుకుని తిరిగేది. పని నేర్చుకున్నాక ఆ వేలే ఆమె అదృష్టమైంది. సిల్కు స్కార్ఫు అంచుని బొటనవేలితో చుట్టి, ఆ చుట్టని చిటికెన వేలి వంకలో తగిలించి లాగిపట్టిందంటే, పాములా జారిపోయే గుడ్డ కూడా పిల్లిలా పడుకునేది. అప్పుడు కుడిచేత్తో అతి సన్నటి కుట్టు. మిషను మీద ఆ అంచు రాదు. ఊళ్ళో పెద్ద దుకాణాలు స్కార్ఫులు ఆమెకే పంపేవి. ఆ వేలిని ఆమె 'మా చిన్నది' అనేది. "ఇవాళ మా చిన్నదానికి ఒంట్లో బాగాలేదు, రేపు రండి" అంటే, కూతురికి జ్వరమేమో అని పళ్ళు పట్టుకొచ్చిన అమాయకులు కూడా ఉన్నారు.

ఆ చేతికే మణికట్టు మీద ఒక గడ్డ లేచింది. మొదట బఠాణీ గింజంత, తర్వాత గోలీ అంత. గుడ్డ అదిమిపట్టినప్పుడల్లా మోచేతిదాకా లాగేది. కండక్టరు పోరగా పోరగా ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడ చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు కుర్రవాడు. అందరూ చిన్న డాక్టరు అనేవారు. మంచి మాట, మంచి నవ్వు. అతను వేసుకున్న చొక్కా భుజం మాత్రం అటూ ఇటూ ఒక అంగుళం జారిపోయి ఉందని పిన్ని మొదటిరోజే గమనించింది. అడగనిదే చెప్పకూడదని ఊరుకుంది.

"చిన్న పనే అమ్మా. గడ్డ తీసేస్తాం. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడు. గడ్డ ఏమిటో, తీస్తే ఏమిటో, తీయకపోతే ఏమిటో ఓపిగ్గా చెప్పాడు. ఆమె సూదులు లేని నోటితో స్పష్టంగా "సరేనండీ" అంది, సంతకం పెట్టింది. అంతవరకు బాగానే ఉంది.

ఆపరేషను అయ్యాక చెయ్యంతా కట్టు. గడ్డకి ఇంత కట్టా అని కండక్టరు అడిగితే, ఆస్పత్రి వాళ్ళు డబ్బు తీసుకున్నందుకు కనిపించేలా కడతారులే అని వదిన అంది. కండక్టరు అక్కగారు ఆమె. తెలియని విషయం లేదు, అడిగేదాకా ఆగిన రోజూ లేదు.

కట్టు విప్పినరోజున పిన్ని ముందు మణికట్టు చూసుకుంది. గడ్డ పోయింది, గీత పడింది, బాగానే ఉంది. తర్వాత చూపు కిందికి జారింది. చిటికెన వేలు గొడుగు కామలా నిటారుగా ఉంది. వంచబోయింది. వంగలేదు.

"అయ్యా, ఈ వేలేమిటి?"

చిన్న డాక్టరు ముఖం వెలిగిపోయింది. "బాగుందా అమ్మా? చెయ్యి చూస్తుంటే ఆ వేలు కూడా కనపడింది. పాపం ఇన్నేళ్ళు ఎలా పడ్డారో అనిపించింది. పనిలో పనిగా సరిచేసేశాను. లోపల తీగ వేసి కీలు బిగించాం. దానికి విడిగా ఫీజు కూడా వెయ్యలేదు."

"నాకు చెప్పలేదే బాబూ."

"చెప్పాను కదమ్మా! లోపలికి తీసుకెళ్ళేటప్పుడు, ట్రాలీ మీద. వేలు కూడా చేసేస్తాను, నిటారుగా వస్తుంది, అన్నాను. మీరు ఊఁ అన్నారు."

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆమెకి గుర్తుంది. సూది మందు ఇచ్చాక రెప్పలు బరువెక్కాయి, పైకప్పు మీద దీపాలు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి, పక్కనే ఎవరిదో మెత్తని గొంతు ఏదో చెబుతూ వస్తోంది. ఏం చెప్పిందో తెలియదు. పాపం ఎవరో చెబుతున్నారు, ఊఁ అనకపోతే బాగుండదు అనుకోవడం మాత్రం గుర్తుంది.

"అన్నాను. ఊఁ అన్నాను" అంది. ఇంటికొచ్చేసింది.

ఇంటికొచ్చాక ఆ వేలు చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషిలా ప్రవర్తించింది. ఏ పనికీ వంగదు. అన్నిటికీ అడ్డం. జేబులో చెయ్యి పెడితే అది బయటే ఉండిపోతుంది. టీ కప్పు పట్టుకుంటే రాణిగారిలా లేచి నిలబడుతుంది. పిన్ని ఒక స్కార్ఫు తీసి కిటికీ దగ్గర కూర్చుంది. అంచు చుట్టింది. చుట్టని తగిలించడానికి వంక లేదు. సిల్కు జారిపోయింది. ఉంగరపు వేలితో పట్టి చూసింది, రెండు వేళ్ళ మధ్య ఇరికించి చూసింది, చివరికి మోకాలి కింద అదిమి చూసింది. సిల్కు ప్రతిసారీ మర్యాదగా జారిపోయింది. ఆమె దాన్ని మడతపెట్టి, మిగతా స్కార్ఫులతో కలిపి, దుకాణానికి వెనక్కి పంపేసింది. మిషను ముందు కూర్చుంది గానీ ఆ పూట మిషను చప్పుడు వినపడలేదు.

చూడ్డానికొచ్చిన వదిన వేలిని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది.

"ఏం మరదలా, అడక్కుండా వరమిస్తే ఏడుస్తావేమే? వంకర పోయిందని దండం పెట్టాలి గానీ!"

"దాంతోనే కదా వదినా నా పని."

"కుక్కతోకే తిన్నగా అవదంటారు. నీ వేలు అయింది. అదీ ఉట్టినే!"

"అక్కా, ఉట్టినే అని చెప్పి రేపు ఎవరైనా నీ ముక్కు తిన్నగా చేస్తే?" అన్నాడు కండక్టరు.

"నా ముక్కుకేం వచ్చిందిరా?"

"ఏం రాలేదు. దాని వేలికీ ఏం రాలేదు."

వదిన ముక్కు తడుముకుంటూ వెళ్ళిపోయింది. కానీ వీధిలో సగంమంది ఆమె మాటే అన్నారు. మంచి చేసినవాడి మీద గొణుగుతారా అని. పిన్ని వాళ్ళకి ఎదురు చెప్పలేదు. ఆమెను లోపల తొలిచేది వేరు. నేనే కదా ఊఁ అన్నాను. జన్మంతా అందరికీ ఊఁ కొట్టినదాన్ని, ఆ ఒక్కసారి నోరు మూసుకుని ఉంటే నా వేలు నాకుండేది.

ఈ మాట ఆమె నోటినుంచి మొదటిసారి విన్నది ప్లీడరమ్మ. కోర్టుకి వేసుకెళ్ళే నల్లగౌను భుజాల దగ్గర వదులైందని తెచ్చింది. పిన్నికి కూతురంత వయసు. బల్ల పక్కన ఎత్తుపీట వేసి ఆమెను నిలబెట్టి, సూదులు నోట్లో పెట్టుకోబోతూ ఆగి, పిన్ని సంగతంతా చెప్పింది. ప్లీడరమ్మ పీట దిగబోయింది.

"దిగకు. భుజం పక్కకి పోతుంది" అని పిన్ని సూదులు నోట్లో పెట్టుకుంది.

"సరే, ఇక్కణ్ణించే చెబుతా. మొట్టమొదట ఒకటి తెలుసుకో పిన్నీ. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు."

"ఊఁ."

"ఒంటి మీద కత్తి పెట్టాలంటే ఏం చేస్తారో, ఎందుకో, బెడిసికొడితే ఏమవుతుందో, చెయ్యకపోతే ఏమవుతుందో, ఇంకో దారి ఉందో లేదో, ఇవన్నీ నీకు అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పాక అడగాలి. నువ్వు తెలివిలో ఉండగా అడగాలి. మత్తు మందిచ్చి ట్రాలీ మీద తోసుకెళుతూ అడిగితే అది అడిగినట్టు కాదు. మణికట్టు కోసం నువ్విచ్చిన మాట మణికట్టుకే. వేలికి చెల్లదు."

"ఊఁ?" కొస పైకి లేచింది.

"ప్రాణం మీదికొస్తే వేరు. అప్పటికప్పుడు చెయ్యకపోతే మనిషి దక్కదంటే అడక్కుండా చెయ్యొచ్చు. నీ వేలు ఇన్నేళ్ళుగా వంకరగానే ఉంది, నువ్వు బతికే ఉన్నావు. ఇంకో వారం ఆగి నిన్ను అడగడానికి అతనికేం అడ్డు?" ప్లీడరమ్మ చెయ్యి విసిరింది. "అబ్బా! సూది!"

పిన్ని ముక్కుతో ఊఁ అని తుంచింది. కదలొద్దని.

"దారులు చాలా ఉన్నాయి. ఆస్పత్రిలోనే ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. తొందరగా తేలుతుంది. కాకపోతే వాళ్ళింటి పెద్దలే కూర్చుంటారు, బయటివాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. అది కాదంటే డాక్టర్ల మండలి. అది అతన్ని మందలించొచ్చు, కొన్నాళ్ళు వైద్యం చెయ్యకుండా ఆపొచ్చు. కానీ నీకు పోయినదానికి ఏమీ ఇవ్వదు. ఇవ్వాలంటే కోర్టుకెళ్ళాలి, పరిహారం దావా. వేలు తిన్నగా అయితే నష్టమేంటని వాళ్ళు అడుగుతారు. నీ పనేంటో, వంక లేకపోతే అది ఎందుకు జరగదో మనం చూపించాలి. పోలీసుల దగ్గరికీ వెళ్ళొచ్చు గానీ నేను వెళ్ళమనను. చెడ్డబుద్ధితో చేశాడని గానీ, మరీ ఒళ్ళు తెలియకుండా చేశాడని గానీ ఉంటే తప్ప అది నిలవదు."

"ఊఁహూఁ" అంది పిన్ని గట్టిగా. చెడ్డబుద్ధి లేదని.

"తెలుసు. మంచి చెయ్యాలనే చేశాడు. మంచైనా అడిగే చెయ్యాలి, అదే చట్టం. ఒక తలుపు తట్టినంత మాత్రాన మిగతావి మూసుకుపోవు. కానీ గడువు ఉంటుంది, ఏళ్ళ తరబడి ఆలోచిస్తూ కూర్చుంటే కుదరదు. ముందు నీ వైద్యం కాగితాల నకళ్ళు అడిగి తీసుకో. అది నీ హక్కు. ఏం పిన్నీ, కమిటీతో మొదలెడదామా?"

"ఊఁ."

ప్లీడరమ్మ పీట మీద నుంచి వంగి చూసింది. "ఇది ఏ ఊఁ?"

పిన్ని సూదులు తీసింది. "నువ్వు కూడా మా ఆయన్లాగే అడుగుతున్నావే" అని చాలారోజుల తర్వాత నవ్వింది. "మొదలెడదాం. కానీ ఆ పిల్లాడి కడుపు కొట్టొద్దు. నాకు కావలసింది ఒకటే. నేను సరే అనలేదని అందరి ముందూ తేలాలి. తేలాకే నేను మళ్ళీ ఎవరికైనా ఊఁ అనగలను."

కమిటీ ఆస్పత్రి పై అంతస్తులో, పొడుగు బల్ల చుట్టూ కూర్చుంది. కమిటీకి పెద్దగా, బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఒకావిడ, ఆమెకి అటూ ఇటూ ఇద్దరు డాక్టర్లు. పిన్ని పక్కన ప్లీడరమ్మ, వెనక కండక్టరు. అతనికి మొదటే అవకాశమిచ్చి పెద్దావిడ పొరపాటు చేసింది. పెళ్ళిమాట దగ్గర మొదలుపెట్టి ప్యాంటు పొడుగు మీదుగా వచ్చి, ఇంకా వేలిదాకా చేరనే లేదు.

"అయ్యా, మీరు కాస్త తొందరగా దిగాలి" అందావిడ.

"ఒక్క ముక్క చెప్పి దిగిపోతానండీ. పిల్లలకి కథ చెబుతాం. అడవిలో పులి మాట్లాడింది అంటాం. వాళ్ళు ఊఁ అంటారు. పులి మాట్లాడుతుందని ఒప్పుకున్నట్టా? మా ఆవిడ ఊఁ కూడా అంతే. అది తెలియక ఆయన దాన్నే సంతకం అనుకున్నాడు."

ఇద్దరు డాక్టర్లలో ఒకాయన పెదవి విరిచాడు. "ఇంట్లో మీకు తెలుస్తుంది. బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? లోకమంతా ఊఁ అంటే అవుననే అనుకుంటారు."

ఆ మాట పిన్నికి సూదిలా దిగింది. నిజమే కదా అనిపించింది. ప్లీడరమ్మ మత్తు మందు సంగతి ఎత్తబోతే, ముందు డాక్టరు చెప్పేది విందామని పెద్దావిడ ఆపింది.

చిన్న డాక్టరు లేచాడు. రాత్రంతా నిద్రపోనట్టున్నాడు. పిన్నివైపే తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. అలాంటి వేళ్ళు వయసుతో ఇంకా ముడుచుకుపోవచ్చన్నాడు.

"ఊఁ" అంది పిన్ని.

మత్తు ఒకసారే ఇచ్చి రెండు పనులూ చేస్తే మనిషికి శ్రమ తగ్గుతుందన్నాడు.

"ఊఁ."

తన సొంత తల్లికైనా అదే చేసి ఉండేవాణ్ణన్నాడు.

"ఊఁ." కొస కిందికి దిగింది.

ట్రాలీ పక్కన నడుస్తూ అన్నీ చెప్పానన్నాడు.

"ఊఁ."

కమిటీ పెద్దావిడ కలం దించింది. "కాస్త ఆగండి డాక్టరు గారూ. అమ్మా, ఆయన చెప్పిన ప్రతిదానికీ ఊఁ అంటున్నారు. అయితే ఇదంతా మీరు ఒప్పుకున్నట్టేనా? అలాగే రాసుకోమంటారా?"

పిన్ని ఉలిక్కిపడింది. "అయ్యయ్యో, లేదండీ! ఒక్కటి కూడా ఒప్పుకోలేదు! పాపం చెబుతున్నాడు కదా అని..."

"కదా అని?"

"వింటున్నానండీ."

పెద్దావిడకి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. పెదవి విరిచిన డాక్టరు కూడా కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కండక్టరు లేచి నిలబడి, "ఇప్పుడు చూశారా!" అంటుంటే ప్లీడరమ్మ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

నవ్వనిది చిన్న డాక్టరు ఒక్కడే. అతను పిన్ని చెయ్యి వైపు చూస్తున్నాడు. బల్ల మీద నాలుగు వేళ్ళు గుడ్డ పట్టినట్టు ముడుచుకుని ఉన్నాయి. ఐదోది ఒంటరిగా నిలబడి ఉంది.

"నేను చెప్పాను" అన్నాడు నెమ్మదిగా. "అడగలేదు. చెప్పాను, అంతే. అడిగానని అనుకున్నాను."

కమిటీ అదే రాసింది. ఒప్పుకోలు తీసుకోకుండా వేలికి ఆపరేషను జరిగిందనీ, ప్రాణాపాయం ఏమీ లేదనీ, మత్తు మందిచ్చాక అన్న మాట మాట కిందికి రాదనీ. ఆస్పత్రి క్షమాపణ చెప్పాలనీ, పోయిన పనికి పరిహారం ఇవ్వాలనీ, ఆమె కోరితే ఆమెకు నచ్చిన డాక్టరు చేత, ఎక్కడైనా సరే, వేలిని మళ్ళీ వంచే ఆపరేషను తమ ఖర్చుతో చేయించాలనీ రాసింది. ఇక మీదట మత్తు మందుకి ముందే రోగి తనకేం చేస్తారో తన మాటల్లో తిరిగి చెప్పాలన్న నియమం కూడా పెట్టింది. ఆ నియమానికి పెద్ద పేరేదో ఉంది గానీ, నర్సులు మాత్రం "ఊఁ చెల్లదు" అని పిలుస్తారు. "పదో నంబరు మంచం ఆయనకి ఊఁ చెల్లదు అయిందా?" అని ఒకరినొకరు అడుగుతారు.

మండలికి కూడా రాద్దామని ప్లీడరమ్మ అంది. ఇంకా గడువుంది, రాయడం తప్పు కూడా కాదంది. పిన్ని మణికట్టు తిప్పి చూసుకుంది.

"వాడి చెయ్యి మంచిదేనమ్మా. కుట్టు చూశాగా, మణికట్టు మీద ఎంత సన్నగా వేశాడో! చెవే కాస్త బాగోలేదు. అది ఇప్పుడు బాగైనట్టే ఉంది. మళ్ళీ చెడితే అప్పుడు నేనే వచ్చి నీ చేత రాయిస్తా."

"గడువు దాటితే?"

"దాటకముందే తెలుస్తుందిలే. చెవి అంత నెమ్మదిగా చెడదు."

ఒక సాయంత్రం చిన్న డాక్టరు దుకాణానికొచ్చాడు. పిన్ని చెక్కబొమ్మకి తొడిగిన కోటు చుట్టూ తిరుగుతూ సూదులు గుచ్చుతోంది. కండక్టరు డ్యూటీ దిగి, బూట్లు విప్పి, కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. డాక్టరు కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. చెప్పడం మొదలుపెట్టాడు. కీలు విప్పి, వంక వచ్చేలా మళ్ళీ బిగించొచ్చు. ఎంత వంక కావాలో ఆమే చూపించాలి. పాతదానిలా ఉండదు, ఉంటుందని చెబితే అబద్ధం. అతుక్కోకపోవచ్చు. చీము పట్టొచ్చు. కొన్ని వారాలు పనికి చెయ్యి పనికిరాదు. చెయ్యకుండా ఇలాగే వదిలేసినా ప్రమాదం లేదు. వేరే డాక్టరైతే బాగుంటుందనుకుంటే ఇద్దరి పేర్లు ఇస్తాడు, ఇద్దరూ తనకంటే పెద్దవాళ్ళు, మంచివాళ్ళు. ప్రతి వాక్యానికీ పిన్ని ఊఁ అంటూనే ఉంది. ప్రతి ఊఁ కీ అతను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు, మెట్టు గట్టిదో కాదో చూసుకుని దిగుతున్నవాడిలా.

"ఇదీ సంగతి. చెయ్యమంటారా అమ్మా?"

"ఊఁ" అంది పిన్ని.

డాక్టరు కండక్టరు వైపు చూశాడు. కండక్టరు పైకప్పు వైపు చూశాడు. "నన్నడక్కండి. వేలు నాది కాదు."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇది... ఏ ఊఁ అండీ?"

పిన్ని అతని వైపు తిరిగింది. ఒక్కో సూదీ తీసి మెత్త మీద గుచ్చడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. అతను నిలబడ్డాడు. వీధిలో ఒక సైకిలు వెళ్ళింది, ఎవరో ఎవరినో పిలిచారు, కండక్టరు తనలో తనే నవ్వుకున్నాడు. డాక్టరు అలాగే నిలబడ్డాడు. సూదులన్నీ అయిపోయాయి.

"చెయ్యండి" అంది. "మీరే చెయ్యండి. ముడి ఎక్కడ వేశారో కుట్టినవాళ్ళకే తెలుస్తుంది. నేను చూపించినంత వంక. చిటికెన వేలు ఒక్కటే. పనిలో పనిగా ఇంకేం ముట్టుకోవద్దు."

"ముట్టుకోనండీ."

"చెయ్యి వరకే మత్తివ్వండి. నేను మెలకువగా ఉంటా. మీరు చెబుతూ ఉండండి."

"మీరు ఊఁ అంటారా?"

"అనకుండా ఎలా ఉంటాను బాబూ?"

ఆ వేలు పాతదానిలా రాలేదు. అతను చెప్పినట్టే. వంక ఉంది గానీ కీలు కదలదు. సిల్కు మొదట్లో రెండుసార్లు జారి, మూడోసారి ఆగింది. పెద్ద దుకాణాల స్కార్ఫులు మళ్ళీ రావడం మొదలైంది, మునుపటి కంటే కాస్త తక్కువగా. ఎలా ఉందమ్మా వేలు అని చిన్న డాక్టరు అడిగితే పిన్ని చెప్పేది ఇదీ:

"మునుపటిది కూతురు. మధ్యలో వచ్చింది చుట్టం. ఇది కోడలు. కొంత నేను సర్దుకోవాలి, కొంత అది సర్దుకోవాలి. పని మాత్రం జరిగిపోతోంది."

ఈ మాట చెప్పినరోజు అతని చేతిలో ఒక పొట్లం ఉంది. విప్పితే చొక్కా. భుజం అటూ ఇటూ ఒక అంగుళం జారిన చొక్కా.

"కొన్నప్పటినుంచీ ఇలాగే ఉందండీ. ఎవరూ చెప్పలేదు."

"మీరు అడగలేదుగా."

ఎత్తుపీట మీద నిలబెట్టి తొడిగించింది. భుజాల దగ్గర చుట్టూ సూదులు గుచ్చింది. అతను చేతులు చాచి, గడ్డం పైకెత్తి నిలబడి, ఇంట్లో పెళ్ళి చేసుకోమని ఎలా పోరుతున్నారో, తనకి ఆస్పత్రిలో ఎవరంటే ఇష్టమో, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పేశాడు. ఆమె ఊఁ కొట్టింది. చొక్కా విప్పించి బల్ల మీద పరిచింది. భుజం కుట్టు దగ్గర కత్తెర నోరు తెరిచి పట్టుకుంది.

"భుజం కొయ్యనా? కోస్తే మళ్ళీ వెనక్కి రాదు."

"ఊఁ" అన్నాడతను, ఇంకా ఆ అమ్మాయి గురించే ఆలోచిస్తూ.

కత్తెర కదల్లేదు. పిన్ని తలెత్తి చూసింది.

"ఏ ఊఁ బాబూ?"